పుట్టిల్లు ఇచ్చిన లాయరుగారు

డల్లాస్ పక్కనుండే మా ఇర్వింగ్ ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో శుక్రవారం పొద్దున్న ఒక మెసేజ్ వచ్చింది. లాయర్ అంకుల్ పోయారు, ఆదివారం మూడింటి నుంచి ఐదింటిదాకా ఫ్యూనరల్ హోమ్‌లో వ్యూయింగ్, అంటే కడసారి చూపు, పూలు తేవద్దని ఆంటీ చెప్పమన్నారు, అని. పది నిమిషాల్లో దండాల బొమ్మలు వరస కట్టాయి. ఒకావిడ ‘మా ఇంటికి పెద్దదిక్కు’ అని రాసింది. ఇంకొకావిడ ‘మా గ్రీన్‌కార్డు ఆయన చలవే’ అంది. నేనూ ఒక దండం పెట్టి, వెంటనే డిలీట్ చేశాను. డిలీట్ చేసిన సంగతి కూడా అందరికీ కనపడుతుందని తర్వాత గుర్తొచ్చింది.

ఆ గ్రూపులో ఆయన్ని వద్దనుకుని ఇంకో లాయర్ని పెట్టుకున్నది నేనొక్కదాన్నే. ఆ సంగతీ అందరికీ తెలుసు.

ఆయన పేరు రాయను. రాయకపోయినా మా ఊళ్లో సగం మంది గుర్తుపడతారు. మిగతా సగం మందికి ఆయన ఫోన్ నంబర్ నోటికొచ్చు. గుంటూరు కోర్టులో కొన్నాళ్లు ప్రాక్టీసు చేసి, ఇటొచ్చి మళ్లీ ఇక్కడి పరీక్షలన్నీ రాసి లాయరైన మనిషి. ఇండియన్ గ్రోసరీ, చాట్ షాపు, బంగారం కొట్టు ఉన్న వరసలో వెనకవైపు మెట్లెక్కితే ఆయన ఆఫీసు. కింద వేయించే మిరపకాయ బజ్జీల వాసన పైన ఫైళ్లకి పట్టేసి ఉండేది. ఆయన దగ్గర కంప్యూటరు ఉంది కానీ దాని మీద ఒక తువ్వాలు కప్పి ఉండేది. కాగితాలన్నీ ఎర్రదారంతో కట్టి పెట్టేవారు. ఆ దారం ఇక్కడ దొరకదని ఇండియా వెళ్లిన ప్రతివాళ్లనీ తెమ్మనేవారు.

ఉడకబెట్టిన పల్లీలు ఒలుచుకుంటూ కేసు వినడం ఆయన అలవాటు. పసుపుపచ్చ రాతప్యాడ్ ఒకటి ముందు పెట్టుకుని, దాని మీద తొక్కలు ఒక పక్కా, పప్పులు ఒక పక్కా పోసేవారు. మధ్యలో మిగిలిన చోట రెండు ముక్కలు రాసుకునేవారు. కోటు తలుపు వెనక మేకుకి వేలాడేది. ఎదురుగా కూర్చున్న మనిషి ఏడవడం మొదలుపెడితే మాత్రం ఠక్కున లేచి కోటు తొడుక్కునేవారు. ఒకసారి ఎందుకని అడిగాను. “చొక్కాతో ఉంటే ఎవరో చుట్టాలాయన అనుకుంటారమ్మా. కోటుంటే లాయరున్నాడని ధైర్యం” అన్నారు.

మెయిల్ రాయడం ఆయనకి గిట్టదు. “మెయిల్లో మాట పదునెక్కుద్ది, ఫోన్లో మెత్తబడుద్ది” అనేవారు. అందుకని అందరికీ ఫోన్లే. అవతలివాళ్ల లాయరుకీ ఫోనే, కోర్టు గుమాస్తాకీ ఫోనే. ఎప్పుడూ స్పీకర్లో పెట్టి, ఫోన్‌ని అరచేతిలో పళ్లెంలా పట్టుకుని మాట్లాడేవారు. హైవే ఎక్కేవారు కాదు. ఇర్వింగ్‌లో ఉంటూ హైవే ఎక్కకుండా బతకడం ఒక విద్య. ఆయన పక్కనుండే సర్వీస్ రోడ్డు మీద, సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగుతూ, ముప్ఫై ఐదు మైళ్ల వేగంతో డల్లాస్ దాకా వెళ్లేవారు. వెనకనుంచి ఎవరైనా హారన్ కొడితే అద్దంలో చూసి చెయ్యెత్తి దీవించినట్టు ఊపేవారు.

నేను ఆయన దగ్గరికి వెళ్లేనాటికి మా ఆయన రవీ నేనూ ఒకే ఇంట్లో రెండు వాటాల్లో అద్దెకున్నవాళ్లలా ఉన్నాం. కొట్టడం, తిట్టడం ఏమీ లేదు. మాటల్లేవు, అంతే. ఏదైనా చెప్పాలంటే మా పాప అన్వి ద్వారా చెప్పుకునేవాళ్లం. దానికప్పుడు ఏడేళ్లు. ‘డాడీ, మమ్మీ సేస్ పాలు అయిపోయాయి’ అని మేడ మీద నుంచి కిందికీ, కింది నుంచి మేడ మీదకీ తిరిగేది. ఒకరోజు అలా తిరిగి తిరిగి మెట్ల మధ్యలో కూర్చుని ‘ఐ యామ్ టైర్డ్’ అంది. మర్నాడే నేను లాయరు ఆఫీసు మెట్లెక్కాను.

నేను చెప్పిందంతా విని ఆయన ఒకే ప్రశ్న అడిగారు.

“పాప ఎవరి దగ్గర పడుకుంటుందమ్మా?”

“నా దగ్గరే అంకుల్.”

“అయితే సగం కేసు గెలిచినట్టే” అని పల్లీ నోట్లో వేసుకున్నారు. “కానీ కేసు దాకా ఎందుకు? గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? నువ్వు నాలుగు రోజులు పుట్టింటికెళ్లు.”

“మా పుట్టిల్లు ఒంగోలు అంకుల్. అమ్మా నాన్నా లేరు. అన్నయ్యా వదినా ఉంటారు.”

“ఒంగోలు దాకా ఎందుకు, మా ఇల్లు లేదూ? మీ ఆంటీ ఉంది, మేడ మీద గది ఖాళీగా ఉంది. మా ఇల్లే నీ పుట్టిల్లనుకో. పాపని మాత్రం తీసుకురాకు.”

“పాప లేకుండానా?”

“అదేనమ్మా కిటుకు. పిల్లని కూడా తెచ్చేసుకుంటే అబ్బాయి హాయిగా కాళ్లు చాపుకుని టీవీ చూస్తాడు. పొద్దున్నే దాన్ని లేపాలి, పాలివ్వాలి, రెండు జడలెయ్యాలి, డబ్బా కట్టాలి, స్కూల్లో దింపాలి. నాలుగో రోజుకి ప్రాణం మీదకొస్తుంది. వాడే వస్తాడు, మా ఆవిణ్ని పంపండి అంకుల్ అని. ఎన్ని కాపరాలు చూశాను!”

మా అమ్మ బతికుంటే అచ్చం ఇదే చెప్పేది. అందుకే నమ్మాను. అలిగి పుట్టింటికి పోవడం, నాలుగు రోజులాగి మొగుడు మామగారి గుమ్మంలో తలొంచుకుని నిలబడటం, అందరూ కలిసి భోంచేసి పంపించడం, నేను చిన్నప్పుడు మా పిన్నుల విషయంలో కళ్లారా చూసినదే. అమ్మ చెప్తే అది సలహా. లాయరు చెప్తే అదే మాట కోర్టులో ఇంకోలా చదువుతారని నాకు తట్టలేదు. ఆయనకి తట్టలేదంటే మాత్రం ఏమనుకోవాలో ఇప్పటికీ తెలీదు.

వాళ్లింట్లో ఉన్న రోజుల్లో నాకు ఏ లోటూ రాలేదు. ఆంటీ పొద్దున్నే కాఫీ గ్లాసు తలుపు దగ్గర పెట్టి, లోపలికి రాకుండా వెళ్లిపోయేది. నేను ఏడ్చిన మొహంతో కిందికి దిగితే చూడనట్టు ఉల్లిపాయలు ముందుకి తోసి ‘కాస్త తరిగిపెట్టమ్మా’ అనేది. ఎవరికైనా ఉల్లిపాయల దగ్గర కళ్లనీళ్లు వస్తాయి కదా. ఆయన పూజ ముగించుకుని, విభూది పెట్టుకుని, సోఫాలో కూర్చుని మా ఆయనకి ఫోన్ చేసేవారు.

“అబ్బాయ్, అమ్మాయి మా ఇంట్లోనే ఉంది. క్షేమంగా ఉంది. నువ్వొచ్చి తీసుకెళ్లు.”

“సరే అంకుల్, వీకెండ్ చూస్తాను” అనేవాడు రవి, స్పీకర్లోంచి, చాలా మర్యాదగా.

ఆ శనివారం ఆంటీ గారెలకి పప్పు నానబోసింది. ఆయన గంజిపెట్టిన లాల్చీ వేసుకున్నారు. వీధిలో కారు నెమ్మదించిన చప్పుడైతే చాలు, లేచి కిటికీ దగ్గరికెళ్లేవారు. మూడింటిదాకా ఎవరం భోజనానికి కూర్చోలేదు. చివరికి ఆయనే “ఆఫీసులో పనుండి ఉంటుందిలే” అన్నారు. శనివారంనాడు ఆఫీసేమిటని ఎవరం అడగలేదు. చల్లారిన గారెలు ముగ్గురం తిన్నాం.

మరుసటి వారం ఉండబట్టలేక లంచ్ టైములో అన్వి స్కూలుకి వెళ్లాను. దాని జడలు చూశాను. పాపిడి సూటిగా తీసి, రెండు వైపులా సమంగా, చివర్లకి నీలం రిబ్బన్లు కట్టి ఉన్నాయి. నేనెప్పుడూ అంత బాగా వెయ్యలేదు. “డాడీ యూట్యూబ్ చూసి నేర్చుకున్నాడు, మమ్మీ” అంది అది గర్వంగా. సాయంత్రం లాయరుగారికి చెబితే “మంచిదేగా, బాధ్యత తెలిసొస్తోంది” అన్నారు.

పదకొండో రోజు మా ఆయన రాలేదు, కాగితాలొచ్చాయి. లాస్ కొలీనాస్‌లో మా ఆఫీసు రిసెప్షన్‌కి ఒక మనిషి వచ్చి, నా పేరు అడిగి, చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. రవి విడాకులకి వేశాడు. తల్లి తన ఇష్టప్రకారం ఇల్లు వదిలి వెళ్లిపోయిందని, బిడ్డని తండ్రే చూసుకుంటున్నాడని, అందువల్ల బిడ్డ తన దగ్గరే ఉండాలని అందులో రాసుంది. సాక్ష్యంగా మా లాయరుగారు పంపిన టెక్స్ట్ మెసేజ్ అచ్చుతీసి జతచేశారు. అమ్మాయి మా ఇంట్లో సంతోషంగా ఉంది, ఎన్నాళ్లయినా ఉంటుంది, నువ్వేం కంగారుపడకు అని. జీవితంలో ఆయన ఫోన్ మానేసి రాసిన మెసేజ్ అదొక్కటే అయ్యుంటుంది.

కాగితాలు పట్టుకుని మెట్లెక్కి, బల్ల మీద పెట్టి, కుర్చీలో కూలబడి ఏడ్చాను. ఆయన లేచి కోటు తొడుక్కున్నారు.

“అబ్బాయి ఇలా రాయడమ్మా. వాడి లాయరు రాయించాడు. నేను మాట్లాడతాగా.”

ఆ మాట్లాడటమే మా కొంప ముంచిందని ఆ రోజే అని ఉండాల్సింది. అనలేకపోయాను. ఆ పొద్దున్న వాళ్లింట్లోనే ఇడ్లీలు తిని వచ్చాను కదా.

కోర్టు రోజున ఆయన కార్లోనే వెళ్లాం, సర్వీస్ రోడ్డు మీద. నా పక్కనే ఎత్తులో హైవే మీద కార్లన్నీ దూసుకుపోతున్నాయి. మేం చేరేసరికి అవతలివాళ్లు వచ్చి చాలాసేపయింది. జడ్జి గది లోపలికే వెళ్లలేదు. వరండాలో ఆయనా, రవి లాయరూ ఒక మూల నిలబడి మాట్లాడుకున్నారు. ఆయన ఆ కుర్రలాయరు భుజం మీద చెయ్యేశారు. వాడు ఆ చేతిని ఒకసారి చూసి ఊరుకున్నాడు. తర్వాత ఆయన నవ్వుతూ నా దగ్గరికి కాగితం తెచ్చారు.

“సంతకం పెట్టమ్మా. కేసు తేలేదాకా పాప అక్కడుంటుంది, నువ్వు వారం మార్చి వారం శనాదివారాలు చూసుకుంటావు. టెంపరరీ. పేరులోనే ఉంది టెంపరరీ అని. ఇవాళ మనం మెత్తగా ఉంటే రేపు వాళ్లూ మెత్తబడతారు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాట్ట. మనకెందుకు?”

నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగు. తెర మీద ఒక బటన్ రంగు మారితే మూడు రోజులు దాన్ని నొక్కి నొక్కి చూసేదాన్ని. ఆ కాగితం మాత్రం ఆయన చూపించిన చోట సంతకం పెట్టేశాను. చదవబోతే ఆయన్ని అనుమానించినట్టు ఉంటుందనిపించింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని అందరూ నవ్వుతూ వాడే సామెత. నాకు నవ్వు రాదు.

తర్వాత నేను అపార్ట్‌మెంట్ తీసుకుని వేరే వచ్చేశాను. నెలలు గడిచాయి. ఆయన్ని అడిగితే “రాజీ నడుస్తోంది” అనేవారు. ఎవరు నడిపిస్తున్నారు, ఎటు నడుస్తోంది అంటే “అబ్బాయి మాటల్లో మార్పొచ్చింది” అనేవారు. ఈలోగా అవతలి లాయరు నన్ను కొన్ని ప్రశ్నలు అడుగుతూ కాగితాలు పంపాడు. బిడ్డని డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్లేవారు, స్కూలు మీటింగులకి ఎవరు వెళ్లేవారు, ఇలాంటివి. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. అన్నిటికీ జవాబు నేనే. అది చెప్పుకోవడానికి దొరికిన అవకాశం అదొక్కటే. ఆయన ఆ కాగితాలకి ఎర్రదారం కట్టి బీరువాలో పెట్టారు. జవాబు రాస్తే గొడవ పెద్దదవుతుందట.

ఈ సంగతి మా ఆఫీసులో నా పక్క సీటు సుధకి నోరుజారి చెప్పి, ఫోన్లో తీసిపెట్టుకున్న ఆ కాగితాలు చూపించాను. సుధది వరంగల్. లంచ్ రూమ్ అని కూడా చూడకుండా అరిచింది.

“ముప్పై దినాలల్ల జవాబియ్యాలె అని గీడ రాసున్నది గదనే! రెండు నెలలైతున్నది. ఆయన నీ లాయరా, నీ మేనమామనా?”

“పెద్దాయనే సుధా. ఆ ఇంటి ఉప్పు తిన్నాను.”

“ఉప్పు తిన్నవని పిల్లనిడిసిపెడ్తవా?”

ఆ మధ్యాహ్నమే సెలవు పెట్టించి, తన కార్లో డల్లాస్‌లో ఒక లాయరు దగ్గరికి తీసుకెళ్లింది. తెల్లావిడ, యాభై దాటి ఉంటాయి. బల్ల మీద ఒక్క కాగితం ఎక్కువగా లేదు. ఇల్లు ఎందుకు వదిలి వచ్చావని మొదటి ప్రశ్న. మా లాయరు చెప్పారన్నాను. రాస్తున్న పెన్ను ఆపింది. వెళ్లి ఎక్కడున్నావంది. మా లాయరింట్లో అన్నాను. పెన్ను పక్కన పెట్టేసింది. పుట్టిల్లంటే ఏమిటో, అలగడం అంటే ఏమిటో, గారెలు ఎందుకు వండారో నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. అడ్డురాకుండా విని, చివరికి నెమ్మదిగా అంది.

“అంటే ఆయన నీకు తండ్రిగా ఉన్నాడు. అర్థమైంది. మరి ఇన్నాళ్లూ నీకు లాయరుగా ఎవరున్నారు?”

ఆయన నన్ను ఇంట్లో పెట్టుకున్నారు కాబట్టి రేపు ఆయన్నే సాక్షిగా బోనెక్కించవచ్చని, అలాంటి మనిషి నా తరఫున వాదించకూడదని ఆవిడ చెప్పింది. మార్చుకోవడం చాలా తేలికట. లాయరు మారుతున్నట్టు ఒక కాగితం మీద పాతాయనా, కొత్తావిడా, నేనూ సంతకాలు పెట్టి జడ్జికి పంపితే చాలు. “నేనే మెయిల్ పంపిస్తాను. నువ్వు కలవక్కర్లేదు” అంది. నేనే చెబుతానన్నాను. అన్నం పెట్టిన చేతికి మెయిల్లో చెప్పడమా అనిపించింది.

తేలికన్నది నాకు మూడు వారాలు పట్టింది. మొదటిసారి వెళితే, నోరు విప్పేలోపే కాకరకాయ కారం డబ్బా చేతిలో పెట్టారు, ఆంటీ నీకోసం ఇచ్చిందని. నీళ్లు నమిలి వచ్చేశాను. రెండోసారి వెళితే బీపీ మాత్ర వేసుకుంటున్నారు. ఎలా ఉంది అంకుల్ అని పరామర్శించి వచ్చేశాను. అక్కడ నా బిడ్డ ఇంకో ఇంట్లో పెరుగుతుంటే ఇక్కడ నేను మొహమాటపడుతున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. మూడోసారి కుర్చీలో కూర్చోకుండానే చెప్పాను.

“అంకుల్, నేను ఇంకో లాయర్ని చూసుకున్నాను.”

ఆయన ఒలుస్తున్న పల్లీని ఒలుస్తూనే ఉన్నారు. పప్పు బయటికి తీసి, తినకుండా ప్యాడ్ మీద పెట్టారు.

“దేనికమ్మా?”

కార్లో వస్తూ దీనికి చాలా జవాబులు తయారు చేసుకున్నాను. ఇల్లు వదలమన్నది, టెక్స్ట్ పంపింది, వరండాలో సంతకం పెట్టించింది, ప్రశ్నలు బీరువాలో పెట్టింది. వరస తప్పకుండా చెప్పాలనుకున్నాను.

“పాప కోసం అంకుల్” అన్నాను. ఇంకేం రాలేదు.

ఆయన లేచి కోటు తొడుక్కున్నారు. నేను ఏడవడం లేదు. కాగితం తీసుకుని, కళ్లద్దాలు తుడుచుకుని, మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివారు. ఆయన ఒక కాగితాన్ని అంత శ్రద్ధగా చదవడం నేను అప్పుడే చూశాను.

“తెలుగావిడేనా?”

“కాదంకుల్.”

“మంచిది. మొహమాటాలుండవు” అని సంతకం పెట్టారు. పెట్టాక కాగితం ఇవ్వకుండా కాసేపు చేత్తో సాపు చేస్తూ కూర్చున్నారు. “ఇంక నేను అబ్బాయికి ఫోన్ చెయ్యకూడదు కదా?”

“చెయ్యకూడదంకుల్.”

“ఒక్కసారి చేసి, ఇంక చెయ్యనని చెప్పేసి మానేస్తాను.”

“అది కూడా వద్దంకుల్.”

“సరేనమ్మా.” ఫైలు తీసుకుని నాతోపాటు మెట్లు దిగారు. బజ్జీల కొట్టు దగ్గర నిలబడ్డవాళ్లంతా ఆయనకి నమస్కారాలు పెడుతున్నారు. కారు వెనక సీట్లో ఫైలు పెట్టి, అది పడిపోకుండా సీటు బెల్టు కట్టారు. “మీ ఆంటీకి నేను చెప్పుకుంటాలే” అన్నారు.

కొత్త లాయరు ఎర్రదారం విప్పితే ముందు పల్లీ తొక్కలు రాలాయి. కోర్టు కాగితాలు పదో పన్నెండో ఉన్నాయి. మిగతాదంతా పసుపుపచ్చ కాగితాల మీద తెలుగులో ఆయన చేతిరాత. ఇదేమిటంది. చదివాను. ‘పొద్దున తొమ్మిది. అబ్బాయి ఎత్తలేదు.’ ‘సాయంత్రం. ఎత్తలేదు.’ ‘ఎత్తాడు. జలుబు చేసిందట. మిరియాల పాలు తాగమన్నాను. పాప బాగుందట.’ ‘ఎత్తలేదు.’ ‘ఎత్తలేదు.’ పేజీల నిండా అదే. ఎనిమిది నెలల పాటు ఆయన నా కోసం చేసిన న్యాయవాదం అది. నేను చదువుతుంటే ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

“ఇందులో మనకి పనికొచ్చేది ఏమైనా ఉందా?”

“లేదు” అన్నాను.

ఆవిడ తన పని తాను చేసింది. ప్రశ్నలకి వారంలో జవాబులు పంపింది, డాక్టరు కాగితాలు తెప్పించింది, టీచర్లతో మాట్లాడింది, జడ్జి ముందు గట్టిగా వాదించింది. కానీ పిల్ల అప్పటికి ఏడాది దగ్గర పడుతూ ఆ ఇంట్లోనే ఉంది, అదే స్కూలు, అదే గది, శుభ్రంగా వేసిన జడలు. కుదురుగా ఉన్న పిల్లని కదపడం ఎందుకన్నారు జడ్జి. టెంపరరీ అన్నది ఖాయమైంది. నెలలో ఒకటో, మూడో, ఐదో వారాంతం నాది. శుక్రవారం సాయంత్రం తెచ్చుకుని, ఆదివారం ఆరింటికల్లా దింపేయాలి. మొదటే మా దగ్గరికి వచ్చి ఉంటే, అని ఆవిడ మొదలుపెట్టి ఆపేసింది.

నాకు ఆయన మీద కోపముంది. ఇప్పటికీ ఉంది. ఆయన దొంగ అయితే, బద్ధకస్తుడైతే ఆ కోపం తీర్చుకోవడం సులువయ్యేది. నా పిల్లని నాకు కాకుండా చేసిన మనిషి, నా కోసం గారెలు వండించి, గంజిలాల్చీ వేసుకుని కిటికీ దగ్గర నిలబడ్డ మనిషి ఒకరే. పోయినవాళ్ల మీద కోపం ఉంచుకోకూడదంటారు. దాన్ని తీసి ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పరు.

ఆ ఆదివారం నా వారమే. వెళ్లకూడదనుకుంటూనే బట్టలు మార్చుకున్నాను. పాపని వదిలి వెళ్లడానికి మనసొప్పలేదు, ఉన్నవే కొద్ది గంటలు. వెంట తీసుకెళ్లాను. దానికిప్పుడు తొమ్మిదేళ్లు. లోపల హాలు నిండా మనుషులు. ఒక్కొక్కరూ ఒక్కో కాపరం, ఒక్కో కాగితం ఆయన చేతిమీదుగా నడిచినవాళ్లు. నన్ను చూసి ఇద్దరు ముగ్గురు మాటలాపారు. ఆయన్ని పెట్టెలో పడుకోబెట్టారు, కోటు తొడిగి.

“మమ్మీ, ఈ తాత ఎవరు? డు ఐ నో హిమ్?”

“నీకు తెలీదురా. నీకోసం చాలా ఫోన్లు చేశారు.”

ఆంటీ ముందు వరసలో కూర్చుని ఉంది. లాయర్ని మార్చుకున్న నాటి నుంచి ఆవిడకి ఎదురుపడలేదు నేను. లేచి వెళ్లిపోమన్నా వెళ్లిపోయేదాన్నే. ఆవిడ నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. అన్వి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి చాలాసేపు చూసింది.

“ఈ పిల్లేనా!”

“అవునాంటీ.”

“హాస్పిటల్లో రోజూ అడిగేవారమ్మా, అమ్మాయి కేసేమైంది, పిల్ల వాళ్లమ్మ దగ్గరికి వచ్చిందా అని. తెలీదని ఎన్నాళ్లు చెప్తాను? మొన్న బుధవారం వచ్చేసిందని చెప్పాను. అబ్బాయే స్వయంగా తీసుకొచ్చి అప్పజెప్పాడని చెప్పాను.” ఆవిడ అన్వి జడ సవరించింది. “‘నేను చెప్పలా, అబ్బాయి మంచోడని’ అన్నారు. అని ఎంత హాయిగా నిద్రపోయారో. తప్పు చేశానా అమ్మా?”

నా ఒళ్లంతా మండింది. ఆయన చివరిదాకా తన పద్ధతే సరైందనుకుని వెళ్లిపోయారు. చేసిన తప్పు ఆయనకి తెలియనే లేదు. ఇంక తెలిసే వీలూ లేదు. అరవాలనిపించింది. ఆంటీ నా మొహంలోకే చూస్తోంది, పసిపిల్లలా.

“లేదాంటీ. మంచి పని చేశారు.”

ఆవిడ కళ్లు తుడుచుకుంది. “మరి ఇంటికి రండి ఇద్దరూ. అందరూ ఇంటికే వస్తున్నారు. పిల్లకి నా చేత్తో ఇంత పెరుగన్నం పెడతాను. రాత్రికి మీ గదిలోనే పడుకోండి.”

“కుదరదాంటీ. ఆరింటికల్లా పాపని వాళ్ల నాన్న దగ్గర దింపాలి.”

ఆంటీ ఉలిక్కిపడి నా నోటికి చెయ్యి అడ్డుపెట్టింది. పెట్టెవైపు ఒకసారి చూసి, నా చెవి దగ్గరికి వంగింది.

“మెల్లగా అనమ్మా. ఆయన వింటారు.”

మేం చప్పుడు చెయ్యకుండా లేచి బయటికొచ్చి కారెక్కాం. అప్పటికి ఐదుంపావు దాటింది.